ఓడ నిలిచిన పగలు



గ్రంథాలయ రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి గాక, సముద్రమున కావలనున్న ఒక నగరపు తోటలను గూర్చియు, ఆ తోటలలోని పిట్టలను గూర్చియు ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఊరికి గ్రంథాలయ మెట్టిదో నగరమునకు తోట యట్టిది. రెండును పదుగురి సొత్తు. రెండింటను ఒకడు నాటినది వేరొకని యనుభవమునకు వచ్చును. రెండును పట్టించుకొనువారు లేనినాడు పాడుపడును. కనుక తోట కథ వినుట ఈ సభకు పరాయి పని కాదు.

విహారనౌకలలో ప్రయాణము చేయు కోరిక ఇటీవల మన దేశమునను పెరుగుచున్నది. 2022 జూన్ మాసమున విశాఖపట్టణపు రేవునుండియే అట్టి నౌక యొకటి బయలుదేరినది. తూర్పు సముద్రములలో తిరుగు నౌకల మజిలీలలో ముఖ్యమైనది సింగపూరు. ఉదయమున ఓడ రేవు చేరినచో సాయంకాలమునకు ప్రయాణికులందరును మరల ఎక్కవలెను. ఓడ ఎవ్వరికొరకును నిలువదు. దిగుటకు, ఎక్కుటకు, తనిఖీలకు పట్టుకాలము తీసివేసినచో యాత్రికుని చేతిలో మిగులునది ఏడెనిమిది గంటలు మాత్రమే.

ఆ స్వల్పకాలమును పలువురు అంగళ్లలో వెచ్చింతురు. మరికొందరు పది చోట్లకు పరుగెత్తి, పదింటిని ఛాయాచిత్రములలో బంధించి, ఏది ఎచ్చట చూచినదియు మరచి తిరిగివత్తురు. ఒక్క పగలే యున్నవాడు తక్కువ చోట్లు చూడవలెను; చూచినదానిని నింపాదిగా చూడవలెను. అట్టివానికి సింగపూరులో రెండు తోటలు చాలును. ఒకటి పాతది, రెండవది క్రొత్తది. పాతదానిని ప్రొద్దుటి పూటను, క్రొత్తదానిని మధ్యాహ్నమునను చూచుట మేలు. పక్షులు ప్రొద్దుటనే చురుకుగా తిరుగును. ఎండ ముదిరిన పిదప ఆకుల చాటున అణగియుండును.

సింగపూరు భూమధ్యరేఖకు ఒక డిగ్రీకి కొంచెము పైగా ఉత్తరమున నున్నది. కనుక అచ్చట ఏడాది పొడవునను సూర్యుడు ఇంచుమించు ఏడు గంటలకే ఉదయించి, ఏడు గంటలకే అస్తమించును. చలికాలమన్నది లేదు. ఏ మాసమునందైనను వాన రావచ్చును. యాత్రికుడు గొడుగును, మంచినీటి సీసాను, వీలైనచో దూరదర్శినిని వెంటగొని దిగవలెను. మెరీనా బే విహారనౌకల రేవునకు దాపున మెరీనా సౌత్ పియర్ అను రైలు నిలయము కలదు. అచ్చట ఎక్కి, తరువాతి నిలయమగు మెరీనా బేలో మారి, నేపియర్ అను నిలయమున దిగినచో పాత తోట యొక్క టాంగ్లిన్ ద్వారము చేరువనే యుండును. 2022 నవంబరులో ఆ నిలయము తెరువబడిన పిదప ఈ ప్రయాణము మిక్కిలి సులువైనది.

పాత తోట పేరు సింగపూరు వృక్షశాస్త్రోద్యానము. ఉదయము 5 గంటలు మొదలు అర్ధరాత్రి వరకు దాని ద్వారములు తెరచియుండును. ప్రవేశమునకు రుసుము లేదు. లోపలనున్న ఆర్కిడ్ పూలతోటకు మాత్రము చీటి కొనవలెను. దాని విస్తీర్ణము 82 హెక్టార్లు, అనగా రెండువందల ఎకరములకు పైమాట. 2015లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ గౌరవము సింగపూరు దేశమున మొట్టమొదట లభించినది ఈ తోటకే.

ఈ తోట చరిత్రలో ఒక కొస మన గోదావరి మండలమును తాకుచున్నది. పదునెనిమిదవ శతాబ్దపు చివరి భాగమున విలియం రాక్స్‌బరో అను వైద్యుడు సామర్లకోటలో నివసించి, అచ్చట తోట వేసి, కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించి బొమ్మలు వ్రాయించెను. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతిగా వెళ్లెను. కొంతకాలమునకు ఆ పీఠమును నథానియేల్ వాలిచ్ అధిష్ఠించెను. 1822లో వాలిచ్ సింగపూరునకు రాగా, స్టాంఫర్డ్ రాఫెల్స్ ఆయన సలహాతో నగరపు కొండపై ఒక తోటను ఏర్పరచెను. జాజికాయ, లవంగము మొదలగు సుగంధద్రవ్యముల పంటలు అచ్చట పండునో లేదో పరీక్షించుటయే దాని ముఖ్యోద్దేశము. సామర్లకోటనుండి కలకత్తాకు, కలకత్తానుండి సింగపూరునకు విద్య ఈ విధముగా చేయి మారుచు పోయినది.

అయితే ఆ మొదటి తోట ఏడేండ్లు మాత్రమే జీవించినది. ధనము చాలక 1829లో మూతపడినది. ముప్పది సంవత్సరముల తరువాత, 1859లో, కొందరు పౌరులు ఒక వ్యవసాయోద్యాన సంఘముగా కూడి ప్రభుత్వమిచ్చిన స్థలమున రెండవ తోటను మొదలిడిరి. 1866లో హంసల చెరువు త్రవ్వించిరి. అదియు అప్పుల పాలయ్యెను. 1874లో ప్రభుత్వము దానిని స్వీకరింపకున్నచో దానికిని మొదటిదాని గతియే పట్టియుండెడిది. చందాలు వసూలుచేసి సంస్థలు నడిపినవారికి ఈ కథలోని బాధ విప్పి చెప్పనక్కరలేదు.

ఇక లోనికి అడుగిడుదము. తెలుగు యాత్రికుని చెవిని మొదట పడునది పరిచితమైన గొంతే. కోకిల! మావిచిగురులు లేకున్నను, వసంతము రాకున్నను, అచ్చట కోకిల కూయుచునే యుండును. సింగపూరులోను అది గూడు కట్టదు; కాకి గూటిలోనే గ్రుడ్డు పెట్టును. ఆ కాకియు మన ఊరి కాకియే. ఓడల వెంట సముద్రములు దాటి రేవులలో స్థిరపడిన పక్షియని దానికి లోకమున పేరు. చీటి లేని ప్రయాణికురాలు అనవచ్చును.

చెరువు గట్టున లకుముకి పిట్ట కూర్చుండును. ముదురు గోధుమవన్నె తల, తెల్లని రొమ్ము, మెరయు నీలపు వీపు గల మన లకుముకియే అచ్చటను కలదు. దానికి తోడు మెడచుట్టు తెల్లని పట్టెగల వేరొక జాతియు కానవచ్చును. కొమ్మలలో పసుపుపచ్చని వంగపండు పిట్ట ఈలవేయును. మన వంగపండునకు కంటియొద్దనే నల్లని చార యుండగా, అచ్చటిదానికి ఆ చార తలవెనుకకు సాగి రెండు కన్నులను కలుపును. మన పిగిలిపిట్టకు తోకక్రింద ఎరుపు, అచ్చటిదానికి పసుపు.

ఈ చిన్న భేదములను పట్టుకొనుటయే పక్షి పరిశీలనకు ఓనమాలు. దానికి గొప్ప పరికరములు అక్కరలేదు. ఆకుల వన్నెకు దగ్గరయైన బట్టలు కట్టవలెను. మాటలు తగ్గింపవలెను. పండ్లు కాచిన మఱ్ఱిజాతి చెట్టుక్రింద పావుగంట కదలక నిలిచినచో, తిరిగి వెదకినప్పుడు కనబడనివి తమంతట తామే వచ్చును. పిట్ట పరిమాణము, ముక్కు తీరు, తోక పొడవు, కూత, చూచిన గంట, చూచిన చెట్టు — ఇవి చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. పేరు తెలియకున్నను వ్రాయవచ్చును. సరిగా వ్రాసియున్నచో పేరు తరువాతనైనను దొరకును.

పచ్చికపై నల్లని గోరింకలు గుంపులుగా నడచును. అవి జావా గోరింకలు. 1925 ప్రాంతమున పంజరపు పక్షులుగా వచ్చి, తప్పించుకొని, నేడు నగరమంతట నిండిపోయినవి. స్వదేశమగు జావాలో మాత్రము వానిని పట్టి అమ్మువారి వలన అవి అరుదైపోయినవి. పరదేశమున పెచ్చుపెరిగి, పుట్టినింట కరవగుట! పొదల క్రింద అడవికోళ్లు నేలను గీరుచుండును. లోకమందలి పెరటికోళ్లకు మూలజాతి యదియే. బూడిదరంగు కాళ్లను, చెవియొద్ద తెల్లని మచ్చను చూచి దానిని గుర్తింపవచ్చును.

తోట నడుమ 6 హెక్టార్ల సహజారణ్యము కలదు. తోటకంటె వయసున పెద్దది. ద్వీపమంతటను ఒకప్పుడున్న అడవిలో మిగిలిన తునక యది. నగరపు రొద నడుమనే అచ్చట ఆకుల చీకటియు, తడి నేల వాసనయు ఉండును. అదృష్టమున్నచో ఆ ప్రాంతమున, ముక్కుపై కొమ్మువంటి తొడుగుగల పెద్ద పక్షి కానవచ్చును. దాని ఆడపక్షి చెట్టుతొర్రలో చొచ్చి, ద్వారమును మూసికొని, సన్నని చీలిక మాత్రము వదలును. పిల్లలు ఎదుగువరకు మగపక్షి ఆ చీలికగుండ ఆహారమందించును. పెద్ద చెట్లు లేనిచోట ఈ సంసారము సాగదు. అడవులు నరికివేయబడగా పందొమ్మిదవ శతాబ్దమున ఆ జాతి సింగపూరునుండి మాయమయ్యెను. 1994లో ఉబిన్ దీవిలో మరల కనబడెను. పిమ్మట శాస్త్రజ్ఞులు తొర్రలకు బదులుగా చెక్కపెట్టెలను చెట్లకు కట్టిరి. పక్షులు వానిని అంగీకరించెను. నేడవి నగరపు తోటలలోనికి వచ్చుచున్నవి. పోయినది తిరిగిరావచ్చునని చెప్పుటకు ఇంతకంటె మంచి సాక్ష్యమేమి కావలెను?

ఈ తోటలో విహరించు తెలుగువాడు ఒక చెట్టు నొద్ద మాత్రము కొంతసేపు నిలువవలెను. అది రబ్బరు చెట్టు. 1876లో బ్రెజిలు దేశమునుండి రబ్బరు గింజలు ఇంగ్లాండులోని క్యూ ఉద్యానమునకు చేరెను. అచ్చట మొలచిన మొక్కలలో 22 మరుసటి యేట సింగపూరునకు వచ్చెను. 1888లో ఈ తోటకు అధిపతియై వచ్చిన హెన్రీ రిడ్లీ ఆ చెట్లపై పరిశోధన సాగించెను. చెట్టును చంపక, బెరడును ఏటవాలుగా పలుచగా చెక్కి, దినము తప్పి దినము పాలు తీయు పద్ధతిని ఆయన కుదిర్చెను. కాఫీతోటల యజమానులు ఎదురైనప్పుడెల్ల రబ్బరు వేయుడని చెప్పి గింజలిచ్చెడివాడు. వారాయనను పిచ్చి రిడ్లీ యని నవ్విరి. కాఫీ ధర పడిపోయి, మోటారుబండ్లు పెరిగి, చక్రములకు రబ్బరు కావలసివచ్చినప్పుడు ఆ నవ్వు ఆగిపోయెను. 1920 నాటికి ప్రపంచపు రబ్బరులో ఇంచుమించు సగము మలయా ప్రాంతమునుండియే వచ్చుచుండెను. రిడ్లీ నూరేండ్లు జీవించి 1956లో మరణించెను.

ఆ లాభమునకు కూలి చేసినవారెవరు? తమిళులతోపాటు తెలుగువారును. గోదావరి, విశాఖ మండలములనుండియు ఇతర జిల్లాలనుండియు కరవునకు, అప్పునకు తాళలేక బంగాళాఖాతము దాటి మలయాకు పోయిన కుటుంబములు ఎన్నో కలవు. 1910 వరకు ఒప్పందపు కూలి పద్ధతి సాగెను. పిదప కంగాణీలు ఊళ్లకు వచ్చి కూలీలను కూడగట్టుకొని పోయిరి. 1938లో భారత ప్రభుత్వము ఆ వలసను ఆపుచేసెను. రబ్బరు పాలు తెల్లవారుఝామున, గాలి చల్లగా నున్నప్పుడే బాగుగా కారును. కనుక చీకటితోనే లేచి, దీపము పట్టుకొని, దోమల నడుమ చెట్టు చెట్టుకు తిరుగుట వారి నిత్యవిధి. నేడు యాత్రికుడు పక్షికూత వినుటకు లేచు వేళ యదియే. వారును ఆ కూతలను వినియుందురు. ఆగి చూచుటకు వారికి పూట దొరకలేదు. ఓడ దిగిన దినము వారికి విహారదినము కాలేదు.

అయినను వారి సంతతి నేటికిని మలేషియాలో ఉగాది జరుపుకొనుచున్నది. పిల్లలకు తెలుగు నేర్పుకొనుచున్నది. సింగపూరులోని తెలుగువారును 1975లో ఒక సమాజమును స్థాపించుకొనిరి. ఆ చెట్టుక్రింద నిలిచినవాడు దాని బెరడుపై గాటులను చూచి, ఆ గాటులు పెట్టిన చేతులను ఒక్కసారి తలచుకొనినచో అతని విహారమునకు విలువ హెచ్చును.

ఈ తోట బ్రతికిన తీరులో మరియొక ఘట్టము గ్రంథాలయ ప్రియులు తప్పక వినదగినది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమయ్యెను. నగరమున దోపిడియు, భయమును నిండియుండెను. అప్పుడు తోటకు అధిపతి ఎరిక్ హాల్టమ్. ఆయన సహాయకుడు జాన్ కార్నర్. ఇరువురును ఓడిపోయిన పక్షమువారు. గెలిచిన పక్షమున వచ్చిన శాస్త్రజ్ఞుడు తనకదతే హిదెజో. ఆయన తోటను, రాఫెల్స్ గ్రంథాలయమును, వస్తుప్రదర్శనశాలను తన రక్షణలోనికి తీసికొనెను. హాల్టమును, కార్నరును ఖైదునుండి తప్పించి తమ పనిని తాము చేసికొనుటకు అవకాశము కల్పించెను. యజమానులు లేక పడియున్న ఇండ్లలోని పుస్తకములను సేకరించి గ్రంథాలయమునకు చేర్చిరి. యుద్ధము 1945లో ముగిసిన నాటికి చెట్లును, ఎండుమొక్కల సంపుటములును, గ్రంథములును నిలిచియుండెను. శత్రువులైనను విద్యవిషయమున ఒక్కటైనవారి వలన అవి దక్కినవి. ఆ దినములలోనే వేలకొలది జనులు హింసకు బలియైరి. దానిని మరచుటకు వీలులేదు. తోటలోని మెట్లలో ఖైదీలైన ఆస్ట్రేలియా సైనికులు చేసిన ఇటుకలు నేటికిని కలవు. వానిపై వారు చెక్కిన బాణపు గుర్తు, తాము బందీలమని చెప్పు సంకేతము. ఆ మెట్లపై నడచువారిలో ఎందరు తలవంచి చూతురో!

ఆర్కిడ్ పూలకు ఈ తోట పుట్టినిల్లువంటిది. 1893లో ఆగ్నెస్ జోకిం అను మహిళ సింగపూరులో పెంచిన సంకర పుష్పము ఆమె పేరనే ప్రసిద్ధికెక్కి, 1981లో ఆ దేశపు జాతీయపుష్పమయ్యెను. హాల్టమ్ 1928లో మొదలిడిన సంకరణకార్యము వలన ఆర్కిడ్ సాగు ఒక పరిశ్రమగా వెలసెను. బయలుదేరుటకు ముందు టాంగ్లిన్ ద్వారమునకు దూరముగాని పచ్చికలోని టెంబుసు చెట్టును చూడవలెను. నేలకు సమాంతరముగా సాగిన దాని కొమ్మ ఆ దేశపు అయిదు డాలర్ల నోటుపైకి ఎక్కినది. తోట పుట్టకముందే ఆ చెట్టు అచ్చట నున్నది.

ఎండ ముదిరినది. యాత్రికుడు వచ్చిన రైలుమార్గముననే తిరిగి, ఆ మార్గముననే యున్న గార్డెన్స్ బై ది బే నిలయమున దిగవచ్చును. అదియే క్రొత్త తోట. 2012లో తెరువబడినది. సముద్రమును పూడ్చిన నేలపై నిర్మింపబడినది. అచ్చట 25 మొదలు 50 మీటర్ల ఎత్తుగల 18 ఉక్కు వృక్షములు నిలిచియున్నవి. వానిచుట్టు నిజమైన తీగలు అల్లుకొనును. కొన్నింటి శిఖరమున సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు పలకలు కలవు. రెండు పెద్ద అద్దపు మందిరములలో ఒకదాన చల్లని పొడి దేశముల పూలును, రెండవదాన మేఘములు క్రమ్ము కొండల మొక్కలును పెంచుదురు. మధ్యాహ్నపు వాన ముంచుకొనివచ్చినను ఆ మందిరములలో తడియకుండ తిరుగవచ్చును. మందిరములకు రుసుము కలదు. బయటి తోటకు లేదు.

పాత తోటను చూచివచ్చినవానికి మొదట ఇది బొమ్మలకొలువువలె తోచవచ్చును. ఉక్కు చెట్టునకు గూడు కట్టు పక్షి యెక్కడిది? కాని చెరువు గట్టునకు పోయి నిలిచినచో ఆ సందేహము కొంత తీరును. రెల్లు నడుమ లకుముకి దూకును, కొంగలు కాచుకొనియుండును, ఒక్కొక్కప్పుడు నీటికుక్కల కుటుంబము ఈదుచు పోవును. ఒకప్పుడు సింగపూరు నీటిలో కానరాకుండ పోయిన నీటికుక్కలు, నదులు శుభ్రపడిన పిదప మరల వచ్చినవి. మానవుడు తాను చేసిన చెరుపును కొంతవరకైనను తానే దిద్దుకొనగలడని ఆ చెరువు చెప్పుచున్నది.

అయిదు గంటలగును. ఓడకు పోవలెను. చింతచెట్లపై పచ్చ గువ్వలు గుంపులుగా చేరు వేళ యది. మగదాని మెడపై లేత గులాబి వన్నెను కడపటిసారి చూచి యాత్రికుడు రేవునకు మరలును. అతని చేతిలో సంచులు బరువుగా ఉండకపోవచ్చును. చిన్న పుస్తకమున మాత్రము పదునైదో ఇరువదియో పేర్లుండును. వానిలో సగము తన ఊరిలోనే యున్న పక్షులవై యుండును. అప్పుడతనికి ఒక సిగ్గు కలుగవలెను. కోకిలను, లకుముకిని, గోరింకను ఆగి చూచుటకు సముద్రము దాటవలసివచ్చినదా?

మన దేశమున చూడదగినవి తక్కువా? శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకు దూరదేశపు పక్షులు ఏటేట వచ్చును. అవి వచ్చుట ఊరికి శుభమని గ్రామస్థులు నమ్మి కాపాడుచున్నారు. గుంటూరు చెంత ఉప్పలపాడు చెరువులోని చెట్లు గూళ్లతో నిండును. కొల్లేరు సంగతి చెప్పనే యక్కరలేదు. హైదరాబాదు రాజ్యపు పక్షులను 1931–32లో సాలిం ఆలీ ఊరూర తిరిగి లెక్కించెను. అంతరించినదనుకొన్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల దొరకినది. దానిని శాస్త్రజ్ఞులకు పట్టియిచ్చినది ఆ ప్రాంతపు గ్రామీణుడే. ఆ పక్షి పేరు ఊరివారి నాలుకపై నిలిచియున్నందుననే అది దొరకినది. ఊరివారు పేరు మరచినచో దానిని వెదకువారికి దారి చూపువారెవరు?

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము ఒక చిన్న పని తలపెట్టవచ్చును. పక్షుల పుస్తకమొకటి, దూరదర్శిని యొకటి బీరువాలో చేర్చవలెను. బల్లపై ఒక తెల్లకాగితముల పుస్తకము పెట్టవలెను. పిల్లలు, పెద్దలు, పొలమునకు పోవు రైతులు తాము చూచిన పిట్ట పేరు, తేది, చెరువో చెట్టో అందు వ్రాయుదురు గాక. వ్రాయుట రానివారు చెప్పగా వచ్చినవారు వ్రాయుదురు గాక. ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము వచ్చునప్పటికి ఆ పుస్తకము ఈ బీరువాలలోని ఏ గ్రంథమునకును తీసిపోదు.

సింగపూరులో మొదటి తోట ఏడేండ్లకు మూతపడినది. రెండవది నూటయరువది యేండ్లు దాటి నిలిచినది. రెండింటి నేలయు ఒక్కటే, వానయు ఒక్కటే. భేదమంతయు నీరు పోసినవారిలో నున్నది. ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నీరు పోసిన పెద్దలకు, పోయుచున్న యువకులకు నమస్కారములు.